సరస్సు ఒడ్డున అమ్మ కొలువు

మా వాణక్క చేసిన బొమ్మల్ని షికాగోలో సరస్సు ఒడ్డు పార్కులో పెడుతున్నారు. నాకు కుళ్ళుగా ఉంది. ముందే చెప్పేస్తే నాకూ హాయి, చదివేవాళ్ళకూ హాయి. ఈ వయసులో కుళ్ళేమిటని మా ఆయన నవ్వాడు. వయసు మీద పడితే మోకాళ్ళు అరుగుతాయి గానీ ఇలాంటివి అరగవని ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి కూడా ఆయనకి తెలియలేదు. వార్త మొదట వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అరోరాలోనూ నేపర్‌విల్‌లోనూ ఉన్న తెలుగువాళ్ళంతా వరసగా చప్పట్ల గుర్తులూ దండాల గుర్తులూ పెట్టారు. నేనూ ఒక దండం పెట్టి ఫోను బోర్లించేశాను. సిటీవాళ్ళు అంతమంది శిల్పుల్లోంచి ఏరి ఆమెకే ఆ పని అప్పగించడం కాదు నా బాధ. ఆమె పనిమంతురాలు, అందులో అనుమానం లేదు. నా బాధల్లా ఆమె చేసింది మా అమ్మ బొమ్మల కొలువు కావడం. మా ఇంట్లో, మా బేస్‌మెంట్‌లో, మా అమ్మ ఏటా దసరాకి పెట్టుకున్న కొలువుని రాతి మెట్లుగా, కంచు బొమ్మలుగా మార్చి ఊరందరి ముందూ పెడుతోంది.

వాణక్క మా పెద్దమ్మ కూతురు, నాకంటే ఏడాది పెద్ద. పెద్దనాన్న ఒహాయోలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉండేవాడు. పెద్దమ్మ అక్కడే జబ్బుచేసి పోయింది. నన్ను పక్కింటి అమెరికన్ ముసలావిడ దగ్గర వదిలి అమ్మా నాన్నా వెళ్ళారు. తిరిగొచ్చినప్పుడు కారు వెనకసీటులో, అంతవరకూ నేనొక్కదాన్నే కాళ్ళు చాపుకుని పడుకునే సీటులో, వాణక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. "పెద్దనాన్న షిఫ్టులకి పోతే పిల్లని ఎవరు చూస్తారే? కొన్నాళ్ళు మనింట్లో ఉంటుంది" అంది అమ్మ. ఆ కొన్నాళ్ళు తను కాలేజీకి వెళ్ళేదాకా సాగాయి. ఇక్కడే పెరిగిన పిల్ల కాబట్టి, ఇంటికొచ్చే ఆడవాళ్ళందర్నీ పిలిచినట్టే మా అమ్మని కూడా మొదటిరోజు "ఆంటీ" అంది. అమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆంటీ ఏమిటే? నేనేమన్నా పార్టీలో పలకరించి పోయేదాన్నా? మీ అమ్మకి తోడబుట్టినదాన్ని. పిన్ని అను" అంది. ఆ రోజు నుంచీ పొద్దున లేస్తే ఇంట్లో "పిన్నీ, పిన్నీ" అనే పిలుపే. నా "అమ్మా" ఎక్కడో మేడమీది గదిలోంచి వచ్చేది. ఆమె "పిన్నీ" వంటింట్లో అమ్మ పక్కనే వినపడేది.

అప్పట్లో చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పటిలా గుడి లేదు, కరివేపాకు అమ్మే కొట్టు లేదు. వంటింటి కిటికీ దగ్గర కుండీలో ఒక కరివేపాకు మొక్కని అమ్మ చంటిపిల్లని సాకినట్టు సాకేది. పులిహోరలోకి ఒక్క రెబ్బ తుంచాలన్నా దానికి సర్దిచెప్పి తుంచేది. చలికాలంలో పోపు పెట్టే ముందు అందరి కోట్లూ మేడమీదికి తీసుకెళ్ళి గదిలో పెట్టి తలుపు వేసి రావాలి. లేకపోతే ఇంగువ వాసన ఉన్నికి పట్టుకుని నాన్నతో పాటు ఆఫీసుకీ, మాతో పాటు స్కూలుకీ వచ్చేది. ఆ పని నాది. అమ్మ చెప్పగా చెప్పగా, మూడోసారి అరిస్తే, సగం కోట్లు తీసుకెళ్ళేదాన్ని. వాణక్క వచ్చిన వారంలోనే, అమ్మ ఆవాల డబ్బా మూత తీసిన చప్పుడుకి లేచి కోట్లన్నీ గుండెలకి హత్తుకుని మెట్లెక్కిపోయేది. "చూడు, చెప్పకుండానే" అనేది అమ్మ నావైపు తిరిగి. ఆ 'చూడు' అనే మాట నాకు పడేది కాదు. నాన్న ఇవేవీ పట్టించుకునే మనిషి కాదు. సెలవురోజు పొద్దున్నే కారు అద్దాలు తుడిచి, ఆయిల్ చూసి, ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, "బయల్దేరదామా?" అని ఇంకా పైట కూడా సర్దుకోని అమ్మని తొందరపెట్టేవాడు.

బయల్దేరేది ఆ సరస్సు ఒడ్డుకే. అమ్మ పుట్టింట్లో దసరాకి కొలువు పెట్టడం ఆనవాయితీ. ఒకసారి మొదలెట్టాక మానకూడదు, ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మయినా చేరాలి. ఈ రెండు నియమాలూ, చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న ఒక జత చెక్కబొమ్మలూ తప్ప ఇక్కడ ఆమె దగ్గర ఏమీ లేవు. షాపుల్లో దొరికే జుట్టు దువ్వే బొమ్మలు ఆమెకి నచ్చలేదు. అవి కాళ్ళు చాపుకుంటాయే తప్ప కొలువులో కూర్చోవని ఫిర్యాదు. ఆ ఇబ్బందికి నాన్న కనిపెట్టిన ఉపాయమే పార్కులోని మ్యూజియం. దాని కింది అంతస్తులో, పిల్లలు తెచ్చుకున్న తిండి తినే గది పక్కన, బొమ్మల్ని అచ్చుపోసే యంత్రం ఒకటి ఉండేది. నాణేలు వేస్తే రెండు లోహపు అచ్చులు మెల్లగా దగ్గరికి జరిగి అతుక్కునేవి. లోపల ఏదో బుసకొట్టేది. విడిపోయేసరికి మధ్యన డైనోసారో తిమింగలమో సింహమో, వేడివేడిగా, కరిగిన క్రేయాన్ల వాసనతో నిలబడి ఉండేది. దాన్ని తీసి, లోపలి వేడి ప్లాస్టిక్ కారిపోకుండా, గట్టిపడేదాకా తలకిందులుగా పట్టుకోవాలి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. దసరా అంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది, తర్వాతే శనగలు.

బొమ్మ కోసం వెళ్ళినా అమ్మ పార్కంతా తిరిగి చూడందే కారెక్కేది కాదు. మాన్యుమెంటనీ స్కల్ప్చరనీ ఎగ్జిబిటనీ ఇంగ్లీషువాళ్ళు వేరువేరు పేర్లు పెట్టుకున్నవన్నీ ఆమెకి బొమ్మలే. గోడమీది పటమూ బొమ్మే, గుర్రంమీది కంచు యోధుడూ బొమ్మే, ఎముకల డైనోసారూ బొమ్మే. అంత పార్కునీ ఆమె ఒక పెద్ద కొలువుగా చూసేది, చూసి పెదవి విరిచేది. "ఇంత చోటుండి కూడా సర్దుకోవడం రాలేదు వీళ్ళకి" అనేది. కుర్చీలో కూర్చున్న ప్రెసిడెంటుని పైమెట్టు మీద పెట్టకుండా చెట్ల మధ్య ఒంటరిగా వదిలేశారట. మ్యూజియం వాకిట్లో సింహాలు పచ్చగా చిలుమెక్కి ఉంటే, "పాపం, చింతపండు పెట్టి తోమే దిక్కు లేదు" అని నిజంగానే జాలిపడింది. గుర్రాలమీది యోధులిద్దరి చేతుల్లోనూ విల్లూ బల్లెమూ లేవు, శిల్పి కావాలనే పెట్టలేదని నాన్న చదివి చెప్పాడు. "మర్చిపోయి ఉంటాడు. ఎవరో అడిగుంటారు, కావాలనే అని చెప్పుకున్నాడు" అంది. సరస్సు మీంచి గాలి చెవులు కోసేస్తుంటే నేను అమ్మ కోటు పట్టుకుని ఇంటికి పోదామని గునిసేదాన్ని. వాణక్క మాత్రం ఆగి, "అయితే సింహాల్ని ఎక్కడ పెట్టాలి పిన్నీ?" అని అడిగేది. ఇక అమ్మ ఆగేది కాదు. కింది మెట్టున జంతువులు, ఆ పైన మనుషులు, ఆ పైన పెద్దవాళ్ళు, అన్నిటికంటే పైన దేవుళ్ళు అని చేతులతో గాలిలో మెట్లు కట్టి చూపించేది. వాళ్ళిద్దరూ ముందు నడిచేవాళ్ళు, నేనూ నాన్నా వెనక.

ఏడాదికి ఒక్కటే కొత్త బొమ్మ కాబట్టి, యంత్రంలోంచి తీసి ఇంటిదాకా పట్టుకొచ్చే పనీ ఒక్కరిదే. మొదటి ఏడాది అది నాదే. తిమింగలం వచ్చింది. వేడిగా, మెత్తగా, బతికున్నట్టుగా ఉంటే ఆగలేక వేలితో నొక్కాను. పక్కన ఇంత సొట్ట పడింది. అమ్మ తిట్టలేదు. "పోనీలే, సొట్ట వెనక్కి తిప్పి పెడదాం" అంది. మరుసటి ఏడాది డైనోసారు వచ్చినప్పుడు మాత్రం నేను చెయ్యి చాపేలోపలే "వాణి చేతికియ్యి" అంది నాన్నతో. వాణక్క దాన్ని తలకిందులుగా పట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా, కారులో గంటసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే మాట, "వాణి చేతికియ్యి". నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా, ఎక్కడైనా ఎవరైనా ఆ మాట అంటే నా చేతులు ఖాళీగా ఉన్నట్టు అనిపించేది.

కొలువు పెట్టేది బేస్‌మెంట్‌లో. అక్కడ ఎప్పుడూ సబ్బుపొడి వాసనా చెమ్మ వాసనా కలిసి ఉండేవి. నాన్న పుస్తకాల అట్టపెట్టెలు పేర్చి, పైన చెక్కలు వేసి, వాటిమీద తెల్ల పంచె పరిస్తే మెట్లయ్యేవి. సర్దడం అమ్మా వాణక్కా. నా పని శనగలు ఎంత నానాయో చూడటం. డైనోసారు వచ్చిన ఏడాది అమ్మ దాన్ని జంతువుల మెట్టు మీద పెట్టబోతే వాణక్క ఆపింది. "అది చచ్చిపోయింది కదా పిన్నీ. పెద్దవాళ్ళ మెట్టు మీద పెడదాం" అంది.  అమ్మ పిల్లని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ఆ డైనోసారు పెద్దవాళ్ళ మెట్టెక్కింది, మళ్ళీ దిగలేదు. పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఆ సంగతి చెప్పింది. పసుపూ కుంకుమా పెట్టించుకుంటూ, కొంగుల్లో శనగలు పోయించుకుంటూ ఆడవాళ్ళంతా "ఎంత మాటందమ్మా, బంగారుతల్లి" అన్నారు. బొట్టు పెడుతున్నది నేను. ఒక్కరూ నా మొహం చూడలేదు. ఆ మాట నాకెందుకు తోచలేదా అని ఉడికిపోతూ కుంకుమ భరిణె అక్కడే పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళి కారులో కూర్చున్నాను.

అలగడంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు. స్థలాలు కూడా ఎంచుకునేదాన్ని. చిన్న అలకలకి బేస్‌మెంట్ మెట్ల కింద, పెద్ద అలకలకి గరాజ్‌లో కారు. అలిగి వెళ్ళేటప్పుడు తలుపు వేసే చప్పుడు వంటింట్లోకి వినపడాలి, మరీ గట్టిగా వేస్తే నాన్నకి వినపడుతుంది. అమ్మ వచ్చేది. ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నం గిన్నెతో వచ్చి, కారు తలుపు తీసి, నా పక్కన చతికిలబడేది. "ఎవరమ్మా మా అమ్మాయినేమన్నారు?" అని మొదలెట్టేది. నేను మొహం అటు తిప్పుకునేదాన్ని. ఆకలి లేదనేదాన్ని. ఆవకాయ నంజుతానంటే భుజం విదిలించేదాన్ని. నిజానికి కడుపు కాలిపోతుండేది, కానీ తొందరపడి నోరు తెరిస్తే ఆమె లేచి వెళ్ళిపోతుంది కదా. గరాజ్‌లో చలికి ఆమె చేతులు వణికేవి. ఒక్కోసారి పేరంటాళ్ళు పైన ఎదురుచూస్తుండేవాళ్ళు. అయినా లేచేది కాదు. ఆ కాసేపూ ఆమె పూర్తిగా నాది.

తర్వాత సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా లేవు. నేను అకౌంటింగ్ చదివి ఇన్సూరెన్స్ ఆఫీసులో కుదురుకున్నాను, ఆదివారాలు గుళ్ళో పిల్లలకి తెలుగు చెప్తాను. వాణక్క బొమ్మలు చేయడం చదువుకుంది. దానికీ చదువుంటుందని మాకు అప్పుడే తెలిసింది. అమ్మ చివరిదాకా ఆమెతో కలిసి ఆ పార్కుకి వెళ్ళేది. అక్కడ తలల్లేని ఇనుప మనిషి బొమ్మల్ని గుంపుగా నిలబెట్టినప్పుడు చూసొచ్చి, "దిష్టి తగిలిందే పాపం వాళ్ళకి" అని నాకు ఫోన్లో చెప్పి నవ్వింది. వాళ్ళతో నేనెందుకు వెళ్ళలేదంటే, పిలిచారు గానీ బతిమాలలేదు. అమ్మ పోయాక, ఆమె ముందే చెప్పిపెట్టినట్టు నగలు నాకొచ్చాయి, బొమ్మలు వాణక్కకి వెళ్ళాయి. వింటే ఎవరైనా నవ్వుతారు. అచ్చుపోసిన ప్లాస్టిక్ తిమింగలాలకి ఏడ్చేవాళ్ళుంటారా? ఆ గాజులు వేసుకున్నప్పుడల్లా నాకు ఆ బొమ్మలే గుర్తొచ్చి, తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాను.

కిందటి వారం వాణక్క ఫోన్ చేసింది. "శనివారం రా సుజా. ఓపెనింగ్‌కి ముందు నువ్వొకసారి చూడాలి. ఒక విషయం కూడా అడగాలి" అంది. పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. అప్పట్లో ఆ పార్కులో ఎక్కడైనా ఒక్క తెలుగు ముక్క వినపడితే నాన్న చటుక్కున ఆగి వెనక్కి చూసేవాడు, ఒకసారి అలా పరిచయమైనవాళ్ళని భోజనానికి కూడా పట్టుకొచ్చాడు. ఇప్పుడు అద్దంలా మెరిసే ఆ పెద్ద చిక్కుడుగింజ ఆకారపు ఉక్కు బొమ్మ ముందు సగం మాటలు మనవే. "బావా, నా మొహం వంకరగా పడుతోంది, ఇంకోటి తియ్" అని ఒకమ్మాయి, "ఫాస్ట్‌గా రా రా, పార్కింగ్ టైమ్ అయిపోతోంది" అని ఒకబ్బాయి. ఎవరూ ఆగి ఎవర్నీ చూసుకోవడం లేదు. వాళ్ళని చూసినా నాకు కుళ్ళే. మా అమ్మకి అరువుకి కూడా దొరకని సందడి వీళ్ళకి ఎంత తేలిగ్గా దొరికిందా అనిపించింది.

నీళ్ళకి దగ్గరలో, చుట్టూ కంచె కట్టిన చోట వాణక్క నిలబడి ఉంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కాళ్ళకి మట్టి బూట్లు. పైన కప్పిన గుడ్డ తనే లాగి చూపించింది. తెల్లరాతి మెట్లు, మనిషి ఎక్కి కూర్చోగలిగినంత వెడల్పు. వాటిమీద ఆ చెక్కబొమ్మల జంట, సింహాలు, ప్రెసిడెంటు, పెద్దవాళ్ళ మెట్టు మీద డైనోసారు, అన్నీ కంచులో. కింది మెట్టున తిమింగలం దూడంత ఉంది. దాని పక్కన, అందరికీ కనపడేవైపు, చెయ్యి పట్టేంత సొట్ట. ఎవరి వేలు చేసిందో నాకు తెలుసు. మిగతావన్నీ నున్నగా ఉన్నాయి, నాది మాత్రం పెద్దది చేసి మరీ చూపించిందని ఒళ్ళు మండింది. కొన్ని మెట్లమీద జాగా వదిలేసి ఉంది. పిల్లలెవరైనా తమ బొమ్మ తెచ్చి పెట్టుకోవచ్చట. బాగుంది. ఎంత బాగుందంటే, ఆ బాగుండటం కూడా నాకు నచ్చలేదు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"ఇంకేమీ అనవా?"

"బాగుందన్నానుగా అక్కా. అడగాలన్న విషయమేమిటి?"

ఆమె ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "పక్కన ఒక బ్రాంజ్ ప్లేట్ ఉంటుంది. సోమవారంకల్లా టెక్స్ట్ ఫైనల్ చేసి పంపాలి. నువ్వు ఓకే అంటేనే పంపుతాను" అంది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో నాకు నేర్పిన అమ్మకి, అని. అమ్మ అన్నచోట 'మై మదర్' అనే ఉంది. నేను దాన్ని మళ్ళీ చదివాను.

"నీకు పిన్ని కదా" అన్నాను.

"ఆంట్ అని రాయమంటావా? ఇక్కడ ఆంట్ అంటే క్రిస్మస్‌కి కార్డ్ పంపే మనిషి అనుకుంటారు. పిన్నమ్మ అంటే అందులో అమ్మ ఉంది సుజా. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ అమ్మ ఊడిపోతోంది."

"ఊడిపోనీ. నిజం అదే కదా. అందులో ఉన్నది సగం అమ్మ. పూర్తి అమ్మ నాకు." అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు. "బొమ్మలు నీకిచ్చింది. సర్దడం నీకు నేర్పింది. బతికినన్నాళ్ళూ ఈ పార్కులో నీతో తిరిగింది. ఆ ఒక్క మాటయినా నాకు ఉండనివ్వు. ఊరందరూ చదివేచోట అది కూడా తీసేసుకుంటావా?"

గాలికి కంచె గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. వాణక్క దాన్ని పట్టుకుని ముడివేసింది. ఆమెకి కోపం రాలేదు, ఎప్పుడూ రాదు, అందుకే ఆమెతో పోట్లాడటం నాకు చేతకాదు.

"నిన్ను చూసి నేనెంత జెలస్‌గా ఉండేదాన్నో నీకు తెలుసా?" అంది.

"నన్ను చూసా? ఎందుకూ?"

"నువ్వు అలిగేదానివి. నువ్వు తలుపు వెయ్యగానే పిన్ని పొయ్యి కట్టేసి గిన్నె పట్టుకుని పరిగెత్తేది. నేను గరాజ్ తలుపు ఇవతల కూర్చుని మొత్తం వినేదాన్ని. 'ఎవరమ్మా మా అమ్మాయినేమన్నారు' అనేది కదా, అది వినడానికి. నేను ఆ ఇంట్లో ఒక్కసారి కూడా అలగలేదు, ఎప్పుడైనా గమనించావా? భయం. అలిగితే బతిమాలకుండా మా నాన్న దగ్గరికి పంపేస్తారేమోనని. కోట్లు మోసిందీ, బొమ్మ కదలకుండా పట్టుకుందీ అందుకే. బంగారుతల్లి అనేవాళ్ళు. తల్లీ లేదు, బంగారమూ లేదు. మంచిదాన్నని కాదు, భయమేసి."

 అన్నేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. తలుపు ఇవతల ఆమె ఉందని నాకు తెలియదు. నా ఒక్కదానిదే అనుకున్న ఆ కాసేపట్లో కూడా సగం ఆమె వినేసిందా అని ముందు ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాతే ఆ తలుపు పక్కన ఒంటరిగా కూర్చున్న పిల్ల కనిపించింది. జాలి వేసింది. వేసినా, లోపల ఉన్నది కరగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

"అయినా సరే అక్కా, మదర్ అని వద్దు" అన్నాను.

ఎప్పుడూ అయితే "సరే" అనేది. ఏ పంపకంలోనైనా, ఏ తగువులోనైనా ఆమె మాట అదే. ఈసారి అనలేదు. నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. కంచె దాటి, నీళ్ళ దాకా దిగే రాతి గట్టు మీదికి వెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఓపెనింగ్‌కి ఇంకా సర్దవలసిన పని ఎంతో ఉంది. ఏదో చూసుకోవడానికి వెళ్ళింది, వస్తుందిలే అనుకున్నాను. బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాను. "అక్కా, తిందాం రా" అని పిలిచాను. పలకలేదు. గాలికి వినపడలేదేమోనని దగ్గరికి వెళ్ళి పిలిచాను.

"ఆకలి లేదు" అంది.

అప్పుడు అర్థమైంది. అరవయ్యో పడికి దగ్గరపడ్డ మా వాణక్క అలిగింది. షికాగో నడిబొడ్డున, తన పేరు చెక్కబోతున్న రాళ్ళకి కూతవేటు దూరంలో, మూతి ముడుచుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. అలిగినవాళ్ళని బతిమాలడం నాకెప్పుడూ అవసరం పడలేదు. మా ఇంట్లో ఆ పని చేసే మనిషి వేరు. అన్నం గిన్నె ఎటువైపు నుంచి పట్టుకురావాలో కూడా నాకు తెలియదు.

డబ్బా పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. రాయి మంచుగడ్డలా ఉంది. "చల్లారిపోతోంది, ఒక్క స్పూను తిను" అన్నాను. మొహం అటు తిప్పుకుంది. "జీడిపప్పులన్నీ నీవైపే ఉన్నాయి, చూడు." భుజం విదిలించింది. "నీకు గాలి పడదు, దగ్గు పట్టుకుంటుంది, కారులో కూర్చుని మాట్లాడుకుందాం." ఇంకాస్త అటు జరిగింది. నాకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ముక్కు కారుతోంది. వదిలేసి కారెక్కిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది, లేవలేకపోయాను.

"ఇంకా ఎంతసేపు బతిమాలించుకుంటావక్కా?" అన్నాను.

"ఎంతసేపో నీకు తెలియదా?" అంది, సరస్సువైపే చూస్తూ.

తెలుసు. ఎంతసేపో ఈ ప్రపంచంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కోటు మెడదాకా లాక్కుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని సర్దుకుని కూర్చున్నాను.

"రాయించుకో తల్లీ" అన్నాను. "మదర్ అనే రాయించుకో. నేనేమీ అనను. ఇప్పుడైనా తిను."

ఇటు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. అడిగింది ఇచ్చేశాక కూడా వెంటనే లేవకుండా, కింది పెదవి ముందుకి పెట్టి, ఆకలి లేదంటూనే ఒళ్ళోని డబ్బా వైపు ఓరగా చూస్తూ ఇంకాసేపు అలాగే కూర్చుంది. బొమ్మలు సర్దడం మా అమ్మ నేర్పి ఉండొచ్చు. ఇది మాత్రం అమ్మ నేర్పింది కాదు. నన్ను చూసి నేర్చుకుంది.